ఉద్యోగానికి జీవితంలో ఎంత వాటా: విజయవాడ, గుంటూరు ఇళ్ళల్లో నడుస్తున్న లెక్క

క్లుప్తంగా: పని లేకపోవడం మనిషిని బాగా దెబ్బతీస్తుంది, దీనికి దాదాపు వందేళ్ళుగా గట్టి ఆధారాలున్నాయి. కానీ ఉన్న పని పెద్దదయ్యే కొద్దీ, జీతం పెరిగే కొద్దీ తృప్తి కూడా అదే లెక్కన పెరుగుతుందా అంటే పెరగదు. హోదా కంటే చేసే పని మీద చేతిలో ఉన్న పట్టు, చుట్టూ ఉండే మనుషులు ఎక్కువ తేడా తెస్తాయి. మన వైపు వచ్చిన చిక్కేంటంటే పెళ్ళి, పరువు, అప్పు, అమ్మానాన్నల ఆశ అన్నీ తీసుకెళ్ళి ఒక్క ఉద్యోగానికే తగిలించేస్తున్నారు.

శుభలేఖలో పేరు కింద లైను

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఈమధ్య ఇంటికొచ్చిన శుభలేఖ ఏదైనా తీసి చూడండి. వరుడి పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది, బీటెక్, ఎంఎస్, పక్కన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఆ పక్కన డల్లాస్ అనో బెంగళూరు అనో. వధువు పేరు కింద కూడా ఇప్పుడు అలాంటి లైనే వేయిస్తున్నారు. వరుడి నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరో, రిటైర్డ్ ఏఈనో అయితే అది కూడా పడుతుంది. అమ్మ పేరు పక్కన మాత్రం చాలా కార్డుల్లో ఏమీ ఉండదు, ముప్పై ఏళ్ళు ఆ ఇల్లు నడిపింది ఆవిడే అయినా సరే.

ఒక మనిషిని నలుగురికి పరిచయం చేయడానికి కార్డులో దొరికే చోటు ఒక్క లైనే, ఆ లైను మొత్తం ఉద్యోగానికే ఇచ్చేస్తున్నారు. ఇదేం చిన్న విషయం కాదు. కెరీర్ జీవితంలో ఎంత ముఖ్యం అన్న ప్రశ్నకి మన సమాజం ఇచ్చిన జవాబు ఆ కార్డులోనే అచ్చయి ఉంది.

ఈ చర్చ ఈ మధ్య మళ్ళీ మళ్ళీ పైకి రావడానికి కారణాలున్నాయి. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట అన్నది బయటికొచ్చింది, అదే ఏడాది మన రాష్ట్రంలో ఫ్యాక్టరీల్లో రోజుకి పని గంటల పరిమితి 9 నుంచి 10కి పెంచారు, వారానికి 48 గంటలన్నది మాత్రం అలాగే ఉంచారు. ఇక సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్-1బీ వర్క్ వీసా పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టేసరికి మన రెండు ఊళ్ళల్లో ఫోన్లు మోగని అపార్ట్‌మెంట్ లేదు. ఒక్కో వార్త ఒక్కో రకం కానీ అన్నిటి వెనకా ఉన్నది ఒకటే, మనిషి జీవితంలో ఉద్యోగానికి ఎంత ఇవ్వాలి, దాన్నుంచి ఎంత ఆశించాలి అని.

మాట అదే, అర్థం మారిపోయింది

ఉద్యోగం పురుష లక్షణం, అది పోతే అవలక్షణం అని మన పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. ఇందులో ఉద్యోగం అన్న సంస్కృతం మాటకి అసలు అర్థం ప్రయత్నం, పూనిక. భారతంలో ఐదో పర్వం పేరు ఉద్యోగ పర్వం, అక్కడ ఉద్యోగం అంటే యుద్ధానికి ముందు రెండు వైపులా జరిగిన ప్రయత్నాలు, సన్నాహాలు. అంటే సామెత మొదటి సగం చెప్పింది మనిషన్నవాడు ఏదో ఒక పూనికతో ఉండాలని. దొరల కాలంలో కచేరీలు, కోర్టులు, స్కూళ్ళు వచ్చి నెల జీతం అనేది మొదలయ్యాక అదే మాట జీతం వచ్చే కొలువుకి అంటుకుపోయింది, ఆ తర్వాత పోతే అవలక్షణం అన్న రెండో సగానికి బలం వచ్చింది. ఎందుకంటే పూనిక ఎవరూ పీకేయలేరు గానీ కొలువు పోతుంది.

కృష్ణా డెల్టాలో ఈ మార్పు ఇంకాస్త గట్టిగా జరిగింది, దానికి నీళ్ళే కారణం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, వంద ఏళ్ళ తర్వాత 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవ కింద పండిన వరి, తర్వాత పొగాకు, పత్తి, మిర్చి మీద మిగిలిన డబ్బు రైతు కుటుంబాలు పిల్లల చదువు మీద పెట్టాయి. గుంటూరులో ఏసీ కాలేజీ 1885 నుంచీ ఉంది, మెడికల్ కాలేజీ 1946లో వచ్చింది, విజయవాడ పక్కన కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ 1977లో. ఆ తర్వాత ఇంటర్ కోచింగ్ అనేది పెద్ద వ్యాపారంగా ఈ ఊళ్ళల్లోనే పెరిగి రాష్ట్రమంతా పాకింది. పొలం చీలిపోతూ వస్తోంది, అన్నదమ్ములు ముగ్గురికి పంచితే ఎవరికీ చాలదు, కానీ సర్టిఫికెట్‌ని ఎవరూ పంచుకోలేరు. అందుకే మూడు తరాల్లో ఆస్తి రూపం మారింది, ఎకరాల నుంచి ర్యాంకుకి, ర్యాంకు నుంచి ప్యాకేజీకి. పెళ్ళిచూపుల్లో ఒకప్పుడు పొలం ఎంత అని అడిగినవాళ్ళే ఇప్పుడు ప్యాకేజీ ఎంత అంటున్నారు.

కాబట్టి మన వైపు కెరీర్ అన్నది వ్యక్తి ఇష్టం మాత్రమే కాదు, కుటుంబం పెట్టిన పెట్టుబడి. ఇది మనసులో పెట్టుకోకుండా ఇష్టమైనది చేసుకోండి అని పిల్లలకి సలహా చెప్పేస్తే అది గాల్లో పోతుంది.

పని పోతే జీతంతో పాటు ఏమేం పోతాయి

దీని మీద ఇప్పటికీ అందరూ మొదట తలుచుకునే పరిశోధన ఆస్ట్రియాలో జరిగింది. వియన్నా దగ్గర మారియంతాల్ అని చిన్న ఊరు, ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది, ఆర్థికమాంద్యంలో అది మూతపడింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరెళ్ళి చూసినవి 1933లో ప్రచురించారు. మిల్లు పోయాక జనానికి బోలెడంత ఖాళీ దొరికింది కదా, పుస్తకాలు చదువుతారు, సంఘాల్లో తిరుగుతారు అనుకుంటాం. జరిగింది దానికి పూర్తిగా తిరుగు. లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ళ నడక నెమ్మదించింది, వీధి దాటే లోపల రెండు మూడు సార్లు ఆగిపోతున్నారు. పొద్దున్నుంచి ఏం చేశారంటే చెప్పలేకపోతున్నారు. ఆడవాళ్ళు మాత్రం అలా ఆగకుండా గబగబా నడుస్తూనే ఉన్నారు, వాళ్ళకీ మిల్లు పని పోయింది కానీ వంట, పిల్లలు, బట్టలు ఎక్కడికీ పోలేదు మరి.

యహోడా తర్వాత రోజుల్లో దీన్నుంచి ఒక వివరణ ఇచ్చారు. పని జీతం ఇస్తుంది, అది అందరికీ కనబడేదే. కనబడకుండా ఇంకో ఐదు ఇస్తుంది, రోజుకి ఒక పద్ధతి, ఇంట్లోవాళ్ళు కాని మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి ఏదో చేస్తున్నామన్న భావన, సమాజంలో ఒక గుర్తింపు, ఇక చేతికి కాలికి కదలిక. జీతం వేరే దారిలో వచ్చినా ఈ ఐదూ రాకపోతే మనిషికి దిక్కుతోచదు.

ఈ ఐదింటినీ మన చుట్టుపక్కల పెట్టి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. 2015లో అమరావతి కోసం ల్యాండ్ పూలింగ్ జరిగింది, 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు. మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబు ఎకరానికి 50 వేలు కౌలు మొదలుపెట్టి ఏటా పెంచుతామన్నారు, ప్లాట్లు ఇస్తామన్నారు, భూమి లేని కూలీలకి నెలకి 2,500 పింఛను. ఆ డబ్బు సరిపోతుందా లేదా అన్నదాని మీద చాలా మాట్లాడుకున్నారు, మాట్లాడుకోవాల్సిందే. కానీ ఏడాదంతా ఏదో ఒక పంట ఉండే జరీబు పొలంలో తెల్లారుజామున వెళ్ళడం, కూలీలని మాట్లాడుకోవడం, కాయ కోయించి మార్కెట్టుకి వేసుకెళ్ళడం, ఇవన్నీ కూడా భూమితో పాటే పోయాయి, వాటికి కౌలు లెక్క ఉండదు. కూలీ తల్లులకైతే గుంపుగా వెళ్ళి గుంపుగా వచ్చే ఆ నడకే పోయింది. ఏ ప్రాజెక్టులో అయినా పరిహారం లెక్క వేసేటప్పుడు ఈ భాగం ఎప్పుడూ బయటే ఉండిపోతుంది.

ఇంకో గట్టి ఆధారం జర్మనీది. 24 వేలమందికి పైగా మనుషులని 15 ఏళ్ళ పాటు ఏటా అడుగుతూ వెళ్ళిన డేటాని 2004లో విశ్లేషించారు. ఉద్యోగం పోయినప్పుడు జీవితం మీద తృప్తి పడిపోయింది, అది ఊహించేదే, కానీ మళ్ళీ ఉద్యోగం దొరికాక కూడా సగటున అది పాత చోటికి పూర్తిగా రాలేదు. దెబ్బ మానినా మచ్చ ఉండిపోతుందన్నమాట. లేఆఫ్ అయిన కుర్రాడికి ఇంకోటి దొరుకుతుందిలే అని భుజం తట్టి వదిలేయకూడదు అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

జీతం పెరిగితే

డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ 2010లో అమెరికా డేటా చూసి ఏడాదికి సుమారు 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగట్లేదని అన్నారు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ 2021లో కాదు, పెరుగుతూనే ఉందన్నారు. చివరికి కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ ఇద్దరూ బార్బరా మెల్లర్స్ అనే ఇంకో పరిశోధకురాలితో కలిసి కూర్చుని 2023లో ఒక పేపర్ వేశారు, చాలామందికి పెరుగుతూనే ఉంటుంది, బాగా దిగులులో ఉన్న కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి తర్వాత డబ్బు పని చేయదు అని. ఇద్దరు పరిశోధకులు పంతానికి పోకుండా లెక్క సరిచూసుకోవడం మెచ్చుకోవాల్సిన సంగతి.

అయితే ఈ గొడవలో అందరూ ఒప్పుకున్న ముక్క ఒకటుంది, అదే మనకి పనికొచ్చేది. తృప్తి రూపాయల లెక్కన పెరగదు, రెట్టింపుల లెక్కన పెరుగుతుంది. నెలకి 25 వేలు వచ్చేవాడికి 50 వేలైతే ఎంత తేడా తెలుస్తుందో, లక్ష వచ్చేవాడికి అంత తేడా తెలియాలంటే 2 లక్షలు కావాలి. మొదటివాడికి ఆ పెరిగిన పాతిక వేలు అంటే ఇంటద్దె, స్కూలు ఫీజు, అర్ధరాత్రి గుంటూరు కొత్తపేట ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే వడ్డీకి చేయి చాపక్కర్లేదన్న ధైర్యం. రెండోవాడికి పెరిగిన లక్ష చాలాసార్లు ఇంకో ఫ్లాటు ఈఎంఐగా మారిపోతుంది. పక్కింటివాళ్ళతో పోలిక ఎలాగూ ఉంటుంది, అందరి జీతాలూ ఒకేసారి పెరిగితే పోలికలో ఎవరూ ముందుకెళ్ళరు.

అంటే డబ్బు ముఖ్యం కాదు అనే మాట తప్పు, కడుపు నిండినవాళ్ళు చెప్పే మాట అది. డబ్బు కింద మెట్టు మీద ఉన్నవాళ్ళకి చాలా చాలా ముఖ్యం, పైకెళ్ళే కొద్దీ దాని కోసం వదులుకుంటున్నది ఏంటో చూసుకోవాల్సి వస్తుంది.

హోదానా, పని మీద పట్టునా

లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధనలో దాదాపు 18 వేలమంది మగ ఉద్యోగులని చూశారు. అందరూ ఆఫీసు పనివాళ్ళే, ఎవరూ ఆకలితో లేరు. అయినా అన్నిటికన్నా కింది గ్రేడువాళ్ళలో చావుల రేటు పై గ్రేడువాళ్ళకి మూడు రెట్లు ఉంది. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ లెక్క తీసేసినా తేడా చాలావరకు మిగిలిపోయింది. మైకేల్ మార్మట్ వాళ్ళు తర్వాతి విడతలో చూస్తే పని మీద తమకి పట్టు లేకపోవడం, అంటే ఏది ఎప్పుడు ఎలా చేయాలో తాము నిర్ణయించుకోలేకపోవడం, గుండెజబ్బుతో ముడిపడి కనిపించింది. పై ఉద్యోగంలో టెన్షన్ ఎక్కువ, కింది ఉద్యోగం ప్రశాంతం అని మనం అనుకునేది అంత నిజం కాదు. బరువు కంటే ఆ బరువుని ఎటు తిప్పుకోవాలో మన చేతిలో లేకపోవడమే ఎక్కువ అరగదీస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తే ఇది కళ్ళతో చూడొచ్చు. 1960ల్లో మొదలైన పెద్ద ఆటోనగర్ అది, లారీ బాడీలు కట్టేవాళ్ళు, లేతు షాపులు, టింకరింగ్, పెయింటింగ్, స్పేర్ పార్ట్‌లు అన్నీ ఒకచోటే. లారీ ఒకటి వచ్చి ఆగుతుంది. డ్రైవరు దిగి స్టూలు మీద కూర్చుని టీ చెప్పుకునే లోపల మేస్త్రీ బానెట్ దగ్గర చెవి పెట్టి, ఒకసారి రేజ్ చెయ్యమని, ఇంకోసారి చెయ్యమని, ఆపు ఆపు అని, ఏది పోయిందో చెప్పేస్తాడు. ఇప్పకుండానే. సాయంత్రానికి బండి స్టార్ట్ అయితే పని అయినట్టు, అవకపోతే అవనట్టు, మధ్యలో అప్రైజల్ మీటింగ్ ఉండదు. చేసిన పని బాగుందో లేదో వెంటనే తెలియడం, పనితనం ఏటికేడు పెరగడం, డ్రైవర్లు ఆయన పేరు వెతుక్కుంటూ రావడం, ఇవన్నీ తృప్తికి మూలాలని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ సిద్ధాంతం చెబుతుంది, స్వతంత్రం, సామర్థ్యం, అనుబంధం అనే మూడు పేర్లతో.

అలాగని ఈ మేస్త్రీ జీవితాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించడం కూడా అన్యాయమే. మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ వేడి, వేలు నలిగితే వారం కూలీ పోవడం, చాలామందికి పీఎఫ్ లేదు, పింఛను లేదు. తన కొడుకుని మాత్రం ఈ పనిలోకి రానివ్వనని అనే మేస్త్రీలు ఎక్కువే, వాళ్ళని తప్పుపట్టే హక్కు ఏసీ గదిలో ఉన్నవాళ్ళకి లేదు. పనిలో పట్టుంది కానీ భద్రత లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో జీతం ఉంది, పీఎఫ్ ఉంది, కానీ ఏ ప్రాజెక్టులో వేస్తారో, ఏ టైంకి కాల్ పెడతారో చాలామంది చేతిలో లేదు.

గుంటూరు మిర్చి యార్డు ఇంకో రకం. ఫిబ్రవరి నుంచి మే దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలు గుట్టలుగా దిగుతాయి, ఒక్కోటి 40 కిలోల పైనే, హమాలీలు వాటిని వీపు మీద మోస్తుంటే యార్డు గేటు దాటకముందే ఘాటు ముక్కుకి కొడుతుంది. తొడిమలు తీసే ఆడవాళ్ళు వరసగా కూర్చుని మొహానికి గుడ్డ కట్టుకుని మాట్లాడుకుంటూ తీస్తుంటారు, కిలోకి ఇంతని కూలీ. యహోడా చెప్పిన ఐదింటిలో మనుషులతో పరిచయం వాళ్ళకి నిండుగా ఉంది. చేతులు రాత్రంతా మండుతాయి, కూలీ తక్కువ, సీజన్ అయిపోతే పని తగ్గిపోతుంది. పని అంటే అన్నీ ఇస్తుందనీ ఏమీ ఇవ్వదనీ అనడం కుదరదు, ఏ పనైనా కొన్ని ఇచ్చి కొన్ని లాక్కుంటుంది, ఏవి ఇస్తోందో విడివిడిగా చూడాలి.

ఇక గంటల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 70, 90 అని మాట్లాడేటప్పుడు ఈ 55 గుర్తుంచుకోవాలి. సొంత కంపెనీ కట్టుకునేవాడు, తన గంటలు తానే పెట్టుకునేవాడు 70 పనిచేయడానికీ, ఇంకొకరు పెట్టిన 70 చేయడానికీ తేడా మళ్ళీ ఆ పట్టు దగ్గరే ఉంది.

అమెరికాలో ఆమీ రెజ్నెస్కీ బృందం 1997లో చూసిన ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. కొందరికి పని జీతం కోసం, కొందరికి ఎదుగుదల కోసం, కొందరికి ఆ పనే కావాలి కాబట్టి. ఈ తేడా పనిని బట్టి వస్తుందనుకుంటాం, డాక్టరుకి మూడోది, గుమస్తాకి మొదటిది అని. కానీ ఒకేలాంటి పని చేస్తున్న 24 మంది ఆఫీసు అసిస్టెంట్లని విడిగా అడిగితే వాళ్ళలోనే ఇంచుమించు మూడు సమాన గుంపులు తేలాయి.

అన్నీ ఒకే మేకుకి తగిలిస్తే

విజయవాడ చుట్టూ నిడమానూరు, గూడవల్లి, పోరంకి వైపు ఆదివారం వెళ్తే రెసిడెన్షియల్ క్యాంపస్‌ల గేట్ల దగ్గర ఒక దృశ్యం కనిపిస్తుంది. ఊళ్ళనుంచి బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలు, చేతిలో క్యారియర్, అందులో చికెన్ కూరో గోంగూరో, చెట్టు కింద టవల్ పరిచి పిల్లాణ్ణి కూర్చోబెట్టి తినిపిస్తుంటారు. పిల్లాడు గబగబా తింటాడు, టైం అయిపోతుందని. వాళ్ళమ్మ చిక్కిపోయావురా అంటుంది. వాళ్ళ నాన్న కాసేపు ఊరుకుని, మొన్నటి టెస్టులో ఎంతొచ్చింది అని అడుగుతాడు. ఆయన దుర్మార్గుడు కాదు, ఆ ఫీజు కోసం ఎక్కడ అప్పు చేశాడో ఆయనకి తెలుసు. ఆ ప్రశ్న విన్నాక పిల్లాడి చేయి ఆగిపోవడం చూసినవాళ్ళకి ఈ విషయం మీద ఇంకే లెక్కలూ అక్కర్లేదు.

పదహారేళ్ళ వయసులోనే అన్నం, ప్రేమ, పరువు, అప్పు అన్నీ ఒక ర్యాంకుకి కట్టేస్తే ఆ ర్యాంకు పోవడం అంటే అన్నీ పోవడమే అని ఆ బుర్రకి అనిపిస్తుంది. పెద్దయ్యాక కూడా అదే పద్ధతి నడుస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు, ఆలోపల ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వీసా రకం మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. ఇల్లు, పిల్లల స్కూలు, కారు లోను, ఆ దేశంలో ఉండే హక్కు, ఇక్కడ అత్తగారింట్లో మర్యాద, అన్నీ ఒక్క మేకుకి వేలాడుతుంటాయి. మేకు గట్టిదే, జీతం మంచిదే. కానీ ఊడితే ఒకటి కాదు, అన్నీ ఒకేసారి కింద పడతాయి.

సర్కారు ఉద్యోగం కోసం చదివేవాళ్ళది ఇంకో వైపు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులు, అప్లై చేసినవాళ్ళు 3 లక్షలు దాటారు. వచ్చినవాళ్ళ ఆనందం న్యాయమైనదే, కొందరిది ఏళ్ళ ఎదురుచూపు. కానీ లెక్క ప్రకారమే ఎక్కువమందికి రాదు, వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాబట్టి కాదు, సీట్లు లేవు కాబట్టి. ముప్పై దాటేదాకా గదిలో కూర్చుని చదివేటప్పుడు జీతం ఒక్కటే ఆగదు, పైన చెప్పిన ఐదూ ఆగిపోతాయి, పెళ్ళి ఆగిపోతుంది, ఫంక్షన్లకి వెళ్ళడం మానేస్తారు, ఇంకా రాలేదా అని ఎవరైనా అడుగుతారేమోనని మొహం చెల్లక. మధ్యలో ట్యూషన్లో, పార్ట్ టైమో, ఏదో ఒక చిన్న పని పెట్టుకున్నవాళ్ళకి ఆ గుర్తింపు, ఆ కదలిక కొంతైనా దొరుకుతుంది, చదువు గంటలు కాస్త తగ్గినా సరే. ఇంట్లోవాళ్ళు దాన్ని ఏకాగ్రత పోవడం అనుకోకుండా ఉంటే బాగుంటుంది.

పేరు పక్కన ఏమీ లేని లైను

ఆడవాళ్ళ విషయంలో కెరీర్ ఎంత ముఖ్యం అన్న ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. ఎంతమంది పనిలో ఉన్నారో చూడడానికి కేంద్రం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో పనిలో ఉన్నవాళ్ళు, పని వెతుక్కుంటున్నవాళ్ళు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24కి 41.7 శాతం అయింది. పెరిగినదాంట్లో చాలా భాగం పల్లెల్లో సొంత పొలం, సొంత కొట్టులో చేసే పని, అందులో జీతం చేతికి రానిది కూడా ఉంది. ఇక ఇంటి పని చూస్తే, 2024 టైం యూజ్ సర్వేలో ఇంటి పని చేస్తున్న ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, చేస్తున్న మగవాళ్ళు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు ఒకవైపు, గంటన్నర ఇంకోవైపు.

మారియంతాల్‌లో గబగబా నడిచిన ఆడవాళ్ళు ఇక్కడ మళ్ళీ కనిపిస్తారు. ఇంటి పని రోజుకి ఒక పద్ధతి ఇస్తుంది, కదలిక ఇస్తుంది. ఇవ్వనివి రెండు, చేతిలో సొంత డబ్బు, బయట గుర్తింపు. మన ఇళ్ళల్లో పెళ్ళప్పుడు కోడలికి ఉద్యోగం ఉండాలంటున్నారు, శుభలేఖలో వేయిస్తున్నారు, బిడ్డ పుట్టాక ఎవరు చూస్తారు అన్న దగ్గర ఆ లైను చెరిగిపోతోంది. అక్కడ ఆగినవాళ్ళు నాలుగైదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్తే పాత జీతం దొరకదు, పాత చోటు దొరకదు. కెరీర్ కంటే కుటుంబమే ముఖ్యం అన్న మాట ఇంట్లో ఒకరికే వర్తిస్తున్నప్పుడు దాన్ని విలువ అనలేం, పంపకం అనాలి, అదీ సరిగ్గా జరగని పంపకం.

డ్యూటీ అయిపోయాక

హార్వర్డ్‌లో 1938లో మొదలైన పరిశోధన ఒకటి ఇంకా నడుస్తోంది. 724 మంది మగవాళ్ళతో మొదలైంది, కొందరు హార్వర్డ్ విద్యార్థులు, మిగిలినవాళ్ళు బోస్టన్ పేద వాడల కుర్రాళ్ళు. తర్వాత భార్యలు, పిల్లలు కూడా చేరారు. 50 ఏళ్ళ వయసులో దగ్గరివాళ్ళతో ఎంత తృప్తిగా ఉన్నారన్నది, 80 ఏళ్ళకి ఎంత ఆరోగ్యంగా ఉంటారో చెప్పడంలో కొలెస్ట్రాల్ కంటే బాగా పనికొచ్చిందని ఆ పరిశోధన నడిపే రాబర్ట్ వాల్డింగర్ చెబుతారు. అమెరికా మగవాళ్ళ లెక్క అది, మన దగ్గర అచ్చం అలాగే ఉండాలని లేదు. కానీ ఒకటి ఆలోచించాలి, మంచి కెరీర్ అన్నదానికి మన ఊళ్ళల్లో అర్థం ఊరు వదిలి వెళ్ళడమే అయింది, అంటే దగ్గరివాళ్ళని దూరం చేయడం ఆ కెరీర్ నిర్మాణంలోనే ఉంది.

రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఎప్పుడు పెంచినా ఆ తర్వాతి రోజు అనేది ఒకటి ఉంటుంది. గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో తెల్లారుజామున వాకింగ్‌కి వచ్చేవాళ్ళలో దాన్ని దాటినవాళ్ళు చాలామంది, ఒకరినొకరు ఇప్పటికీ ఎస్ఈ గారు, ఎంఆర్ఓ గారు అనే పిలుచుకుంటారు. పెన్షన్ నెలనెలా పడుతుంది, కాబట్టి జీతం సమస్య చాలామందికి లేదు, పోయింది మిగిలిన ఐదే. ఆ ఐదింటినీ ఉద్యోగంలో ఉండగానే కొంచెం కొంచెం బయట కూడా పెట్టుకున్నవాళ్ళు, గుళ్ళో పనో, పెరట్లో కూరగాయలో, వీధి పిల్లలకి లెక్కలు చెప్పడమో, ఆటోనగర్‌లో బావమరిది షాపులో ఓ పూట కూర్చోవడమో, వాళ్ళు తొందరగా నిలదొక్కుకుంటారు. లేనివాళ్ళు మూడో రౌండు తర్వాత కూడా బెంచీ మీద నుంచి లేవరు.

ఏడు కావస్తుంటే కొందరు మాత్రం చెప్పులు సరిచేసుకుని గేటు వైపు గబగబా నడుస్తారు. అప్పుడు డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, పిల్లలు ఫోన్ చేసే టైం.